స్విచ్‌బోర్డు కాలింది, ఎంసీబీ పడలేదు: ఇంటి ఇన్సూరెన్స్ దీనికి వస్తుందా?

ప్రశ్న: మాది 18 ఏళ్ల కిందట కట్టుకున్న ఇల్లు. కింద మేమూ, మా అత్తగారూ ఉంటాం. పై వాటా ఏడాదిగా అద్దెకిచ్చాం. పోయిన నెల బాత్రూమ్ బయట ఉన్న గీజర్ స్విచ్‌బోర్డులోంచి పొగ వచ్చి, బోర్డంతా నల్లగా కాలిపోయింది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడి సరఫరా తెంపే స్విచ్) మాత్రం పడలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త స్విచ్ బిగించి, ఇంక భయం లేదని చెప్పి వెళ్లాడు. నాకు మాత్రం ధైర్యం చాలడం లేదు. లోను తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు చేయించిన ఇంటి ఇన్సూరెన్స్ ఒకటుంది గానీ ఆ కాగితాలు ఇంతవరకూ చదవలేదు. ఇలాంటి నష్టాలకు అది వస్తుందా? బాత్రూమ్ గోడకు రెండేళ్లుగా చెమ్మ ఉంది, దానికీ అడగొచ్చా? అసలు ఇన్సూరెన్స్ ఎంతకు చేయాలి? పై వాటా అద్దెకిచ్చిన సంగతి వాళ్లకు చెప్పాలా?

సమాధానం: మీ భయం అనవసరమైనది కాదు. పాలసీ కాగితాలు వచ్చే వారం చదువుకోవచ్చు గానీ, స్విచ్‌బోర్డు సంగతి ఈ రెండు మూడు రోజుల్లోనే తేల్చుకోవాలి. అందుకే దానితోనే మొదలుపెడతాం.

ఎంసీబీ ఎందుకు పడలేదంటే, అది పడాల్సిన సందర్భం అక్కడ రాలేదు. వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారినప్పుడు, లేదా ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ (తిరిగి వెళ్లే వైరు) కలిసి షార్టయినప్పుడు ఎంసీబీ పడుతుంది. మీ బోర్డులో జరిగింది చాలామటుకు ఈ రెండూ కాదు. స్విచ్ వెనక వైరు బిగించే స్క్రూ వదులై ఉంటుంది. 2 కిలోవాట్ల గీజర్ 220–240 వోల్టుల సరఫరా మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. కానీ అదే 9 ఆంపియర్లు వదులుగా ఉన్న స్క్రూ గుండా పోతుంటే అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి రాగి నల్లబడి పైన తుప్పు పొర కడుతుంది, దానివల్ల కరెంటుకు అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగేకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. గీజర్ వేసినప్పుడల్లా వైరు వేడెక్కి వ్యాకోచించి, ఆపినప్పుడు మళ్లీ సంకోచించి, స్క్రూ మరింత వదులవుతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ కరెంటు అదే 9 ఆంపియర్లు. ఎంసీబీకి ఏమీ తెలియదు.

కాబట్టి మీ ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిచి ఒక్క విషయం కచ్చితంగా అడగండి: కొత్త స్విచ్‌లో పాత వైరు కొసనే బిగించాడా, లేక కాలిన ముక్క కత్తిరించి మెరిసే రాగి వచ్చేదాకా పోయాడా? నల్లబడిన రాగిని ఎంత గట్టిగా బిగించినా సరైన పట్టు దొరకదు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి, వంచితే పగిలేలా ఉంటే ఆ మేరకు వైరు కూడా పనికిరాదు. కత్తిరించాక వైరు పొడవు చాలకపోతే గోడలోంచి కొత్త వైరు లాగాల్సిందే; మధ్యలో అతుకు వేసి టేపు చుట్టడం అంటే అదే వదులు జాయింటును ఇంకో చోటికి మార్చడమే. న్యూట్రల్ వైపు స్క్రూలు కూడా చూడమనండి. చాలామంది ఫేజ్ వైపు మాత్రమే చూసి వదిలేస్తారు, మెయిన్ బోర్డులో న్యూట్రల్ వైర్లన్నీ కలిసే ఇత్తడి పట్టీ దగ్గర వదులుంటే ఎవరూ గమనించరు. 18 ఏళ్ల ఇంట్లో మెయిన్ ఆపి ప్రతి స్క్రూనూ ఒకసారి బిగించి చూడడం సగం పూట పని. అదే రోజు చేయించేయండి.

స్విచ్, సాకెట్ కనీసం 16 ఆంపియర్లవి ఉండాలి, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ స్విచ్ అయితే ఇంకా మంచిది. లైట్లకు వాడే 6 ఆంపియర్ల స్విచ్ గీజర్‌కు పెట్టి ఉంటే అది మళ్లీ కాలడం ఖాయం. వైరు మందం గీజర్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఏసీ, పెద్ద గీజర్ లాంటివాటికి దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్లు వేస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 పెట్టించుకునేవాళ్లున్నారు. దానివల్ల ఎంసీబీ పడడం ఆగుతుంది, వైరు గోడలోపల కాలడం మొదలవుతుంది. ఎంసీబీ సైజు వైరు మందాన్ని బట్టి ఉండాలి, వాడే వస్తువును బట్టి కాదు.

ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూడండి. మెయిన్ బోర్డులో ‘టి’ అక్షరం ఉన్న చిన్న బటన్‌తో, ‘30 ఎంఏ’ అని రాసి ఉంటుంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. కరెంటు భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు లీకవగానే తెంపేస్తుంది. తడి చేతులతో గీజర్ స్విచ్ ముట్టుకునే బాత్రూములున్న ఇంటికి, అందులోనూ పెద్దావిడ ఉన్న ఇంటికి ఇది లేకపోవడం మాకు నచ్చదు. మూడు నెలలకోసారి ఆ బటన్ నొక్కండి. వెంటనే పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే, మార్పించండి. ఒకవేళ గీజర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతుంటే తప్పు చాలామటుకు దానిది కాదు, గీజర్ ఎలిమెంట్‌లోకి నీరు చేరి ఉండొచ్చు; ఆర్‌సీసీబీని తప్పించి వైరు కలపమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇదంతా అయ్యాక మీరే చేయగలిగే పరీక్ష ఒకటుంది. గీజర్ 20 నిమిషాలు నడిచాక స్విచ్ ప్లేటును చేతి వెనక భాగంతో, పొడి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చినా, మెయిన్‌లోనే ఆ లైను ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాడకండి. ఏసీ, మోటారు, ఇస్త్రీ పెట్టె పెట్టే ప్లగ్గులకూ ఇదే పరీక్ష.

మిగతా ఇంటి భద్రత గురించి మీరు అడగలేదు గానీ రెండు మూడు మాటలు చెప్పకుండా ఉండలేం. కిటికీలన్నిటికీ కదలని గ్రిల్స్ ఉంటే, పడుకునే ప్రతి గదిలో ఒక్క గ్రిల్లయినా లోపలినుంచి తెరుచుకునేలా మార్పించండి. నిప్పు హాల్లో పుడితే పడకగదిలోంచి బయటపడే దారి అదొక్కటే. రాత్రి తలుపుకు లోపల తాళం వేసే అలవాటుంటే తాళంచెవి అక్కడే, మీ అత్తగారి చెయ్యి అందే ఎత్తులో వేలాడాలి. పొగ అలారాలు పడకగదుల బయట పైకప్పుకు పెట్టండి, స్టవ్‌కు 3 మీటర్ల దూరం ఉంటే పోపు పెట్టినప్పుడల్లా మోగదు. అలారానికి కూడా పదేళ్లే ఆయుష్షు. గ్యాసు సిలిండర్ వాడుతుంటే లీకును పట్టే పరికరం నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ఆ గ్యాసు గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది. పైపు గ్యాసైతే తేలిక, పైకప్పు దగ్గర పెట్టాలి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు కూడా. ఆపేటప్పుడూ నిప్పురవ్వ వస్తుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికెళ్లి ఫోను చేయండి. బాణలిలో నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టి, చల్లారేదాకా తీయకండి. నీళ్లు పోస్తే అవి నూనె అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను పైకప్పుదాకా చిమ్ముతాయి.

ఇక ఇన్సూరెన్స్. ఇంటి పాలసీ ఏదైనా ఒకే సూత్రం మీద నడుస్తుంది: హఠాత్తుగా, అనుకోకుండా జరిగిన నష్టానికి డబ్బిస్తుంది. మెల్లగా, రోజురోజుకూ పెరిగే నష్టానికి ఇవ్వదు. అగ్ని ప్రమాదం, పిడుగు, పైపు పగిలి ఇల్లంతా నీళ్లవడం మొదటి రకం. చెమ్మ, చెదలు, తుప్పు, పాతబడి పెచ్చులూడటం, కట్టడంలో లోపం రెండో రకం. ఈ గీత ఎక్కడుందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి మీరే జవాబు చెప్పుకోగలరు.

బాత్రూమ్ గోడ చెమ్మ రెండేళ్లదని మీరే రాశారు. దానికి రాదు. అడిగినా లాభం లేదు, పైగా రేపు అదే గోడలో పైపు నిజంగా పగిలినప్పుడు పాత చెమ్మ వల్లే అయిందని అంటారు. ఆ చెమ్మను ఇప్పుడే బాగుచేయించి, ప్లంబర్ బిల్లూ, పని ముందూ తర్వాతా తీసిన ఫొటోలూ దాచండి. అప్పుడు తర్వాత ఏదైనా హఠాత్తుగా జరిగితే అది కొత్తదని చూపించడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. బోర్డు కాలిన చోట వైరింగ్ మార్పించిన బిల్లును కూడా ఇలాగే ఉంచండి.

స్విచ్‌బోర్డు సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. చాలా పాలసీల్లో ఎలక్ట్రికల్ మినహాయింపు అని ఒక షరతు ఉంటుంది. దాని ప్రకారం షార్ట్ సర్క్యూట్ వల్లో, దానంతటదే వేడెక్కడం వల్లో ఏ వస్తువు కాలిందో ఆ వస్తువుకు డబ్బు రాదు. దానినుంచి నిప్పు పాకి కాలిన మిగతావాటికి వస్తుంది. మీ ఇంట్లో బోర్డు ఒక్కటే కాలింది కాబట్టి ఆ షరతు ఉంటే ఏమీ రాదు. అదే నిప్పు పక్కనున్న బీరువాకు, పైకప్పుకు పాకి ఉంటే ఆ నష్టానికి వచ్చేది. టీవీ, ఫ్రిజ్, ఏసీ లోపల్లోపలే కాలిపోతే డబ్బు రావాలంటే విద్యుత్ పరికరాల బ్రేక్‌డౌన్ అనే అదనపు కవర్ తీసుకోవాలి, దానికి సాధారణంగా వస్తువు వయసు మీద పరిమితి ఉంటుంది. ఇంకోటి, ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి కొంత మొత్తం మీరే భరించాలని పాలసీలో రాసి ఉంటుంది. చిన్న బోర్డు ఖర్చు చాలాసార్లు దానికే సరిపోతుంది.

ఇప్పుడు ఆ బ్యాంకు పాలసీ బయటికి తీయండి. ముందు షెడ్యూల్ అనే ఒకటి రెండు పేజీలు చూడండి, షరతుల పుస్తకం తర్వాత. అందులో ఈ విషయాలు వెతకాలి: పాలసీ ఇంకా నడుస్తోందా, ఎప్పటిదాకా, ఎవరి పేరున ఉంది, ఇంటి చిరునామా సరిగా ఉందా, కట్టడానికి ఎంత, సామానుకు ఎంత, బ్యాంకు పేరు లబ్ధిదారుగా ఉందా. లోనుతో వచ్చే పాలసీల్లో తరచూ కనిపించే చిక్కులు రెండు. కొన్నిసార్లు బీమా మొత్తం లోను మేరకే ఉంటుంది, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు మేరకు కాదు. ఇక సామాను కొన్నిసార్లు చేర్చి ఉండరు. లోను తీరిపోయి ఉంటే పాలసీ కూడా ముగిసిపోయి ఉండొచ్చు, గమనించండి. పై వాటా తర్వాత కట్టి ఉంటే అది అందులో ఉందా లేదా అన్నది కూడా చూడాలి.

ఎంతకు చేయాలి అన్నదే అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఎక్కువ మంది తప్పు చేసేదీ ఇక్కడే. ఇల్లు అమ్మితే ఎంత వస్తుందో దానికి చేయకూడదు. అందులో స్థలం విలువ కలిసి ఉంటుంది, స్థలం కాలిపోదు. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడైన ఖర్చుకూ చేయకూడదు, ఆ ధరలు ఇప్పుడు లేవు. ఈ రోజు అదే ఇంటిని పునాదుల నుంచి మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అంతకు చేయాలి. కట్టిన మొత్తం విస్తీర్ణాన్ని మీ ఊళ్లో ఇప్పుడు నడుస్తున్న నిర్మాణ ఖర్చుతో గుణించండి. పై వాటా, మెట్లు, ప్రహరీ, నీళ్ల ట్యాంకు, సంపు వదలొద్దు. శిథిలాలు ఎత్తించడానికి, ఇంజినీరు ఫీజుకు కొంత కలపండి. ఒక కాంట్రాక్టరు దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకుంటే ఇంకా మంచిది. ఆ కాగితం క్లెయిమ్ సమయంలోనూ పనికొస్తుంది.

తక్కువకు చేస్తే ప్రీమియం మిగులుతుందని అనుకోవడం సహజమే. కానీ చాలా పాలసీల్లో యావరేజ్ అనే షరతు ఉంటుంది. మీ ఇంటికి తిరిగి కట్టే ఖర్చు 100 వంతులు అనుకోండి. మీరు 60 వంతులకే ఇన్సూరెన్స్ చేశారు. ఇల్లంతా పోలేదు, వంటిల్లు మాత్రం కాలి 10 వంతుల నష్టం జరిగింది. నా పాలసీ 60 ఉంది, నష్టం 10 మాత్రమే కదా, పూర్తిగా వస్తుంది అనుకుంటాం. రాదు. ఇల్లు 60 శాతానికే చేశారు కాబట్టి ప్రతి నష్టంలోనూ 60 శాతమే ఇస్తారు: 10కి 6. అందులోంచి మళ్లీ మీరు భరించాల్సిన మొదటి మొత్తం పోతుంది. ఈ షరతు వర్తించని పాలసీలూ ఉన్నాయి, కొనేముందు అడిగి రాతలో తీసుకోండి.

దీనితోపాటే అడగాల్సిన ఇంకో ప్రశ్న, నష్టాన్ని ఏ లెక్కన కడతారన్నది. పునర్నిర్మాణ విలువ లెక్కనైతే కొత్తగా కట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఇస్తారు. మార్కెట్ విలువ లెక్కనైతే ఇంటి వయసును బట్టి తరుగు తీసేస్తారు. 18 ఏళ్ల ఇంటికి ఆ కోత బాగానే ఉంటుంది. మీ ఇంటికి మొదటిదే తీసుకోండి. ప్రీమియం కొంచెం ఎక్కువైనా అది వృథా కాదు. పునర్నిర్మాణ లెక్కలో ముందు తరుగు పోగా మిగిలింది ఇచ్చి, ఇల్లు కట్టాక మిగతాది ఇవ్వడం కూడా మామూలే, అంటే మొదట్లో కొంత సొమ్ము మీ చేతినుంచి పెట్టాల్సి రావొచ్చు.

సామానుకు వేరే మొత్తం రాయించండి. నగలకు, నగదుకు విడిగా పరిమితులు ఉంటాయి. విలువైన నగలను జాబితాలో పేరు పేరునా చేర్పించి, విలువ కట్టిన పత్రం ఇవ్వకపోతే కవర్ నామమాత్రమే. దొంగతనానికి తాళం పగలగొట్టిన ఆనవాలు ఉండాలని చాలా పాలసీలు అడుగుతాయి, తలుపు తీసి ఉంచి పోతే క్లెయిమ్ కష్టం. ఇల్లు వరుసగా కొన్ని రోజులు తాళం వేసి ఉంటే, 30 రోజులో 60 రోజులో పాలసీలో రాసి ఉంటుంది, ముందుగా చెప్పకపోతే కవర్ ఆగిపోవచ్చు. భూకంపం, వరద మీ పాలసీలో ఉన్నాయో లేక విడిగా తీసుకోవాలో కూడా చూడండి. ఇది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మీ ఇంటి నిప్పు పక్కింటికి పాకితే వాళ్ల నష్టానికి మీరు బాధ్యులు కావాల్సి రావొచ్చు, దానికి థర్డ్ పార్టీ బాధ్యత కవర్ కావాలి. అద్దెదారులున్న ఇంటికి ఇది చాలా అవసరం.

ఈ ఆదివారం ఒక అరగంట పెట్టి ఫోన్‌తో ఇల్లంతా వీడియో తీయండి. బీరువాలు, వంటింటి అరలు తెరిచి, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వెనక ఉన్న మోడల్, సీరియల్ నంబర్ల దగ్గర ఆగి తీయండి. బిల్లులు ఉంటే ఫొటోలు కూడా. ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో దాచితే ఇంటితోపాటే పోతుంది, అందుకని ఆన్‌లైన్‌లో ఒక కాపీ, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఇంకో కాపీ ఉంచండి. నష్టం జరిగాక జ్ఞాపకం మీద జాబితా రాసేవాళ్లు ఎప్పుడూ సగం వస్తువులు మర్చిపోతారు.

ప్రమాదం జరిగితే మొదట మనుషులు, తర్వాత నష్టం పెరగకుండా ఆపడం: మెయిన్ ఆపడం, నీటి వాల్వు కట్టడం, పైకప్పు పోతే టార్పాలిన్ కప్పడం. ఇవి చేయకపోతే పెరిగిన నష్టానికి ఇవ్వరు. ఈ అత్యవసర ఖర్చుల బిల్లులు ఉంచండి. కడిగి శుభ్రం చేసే ముందే ఫొటోలు తీయాలి. కాలిన స్విచ్, పగిలిన పైపు ముక్క సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే మనిషి) చూసేదాకా పారేయకండి. కారణం తేల్చేది ఆ ముక్కే. కంపెనీకి ఫోను చేసినా, అదే రోజు మెయిల్ కూడా పంపండి. నిప్పయితే అగ్నిమాపక శాఖ రిపోర్టు, దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. సర్వేయర్ వచ్చినప్పుడు రిపేరు అంచనాలు సిద్ధంగా ఉంచి, అడిగినదానికి తెలిసినంత చెప్పండి, తెలియనిదాన్ని ఊహించి చెప్పకండి. ‘పాతదే అయి ఉంటుంది’ లాంటి మాట ఒకటి చాలు, క్లెయిమ్ మొత్తం రెండో రకంలోకి, అంటే మెల్లగా పెరిగిన నష్టంలోకి, పోవడానికి. పూర్తి పరిష్కారంగా స్వీకరిస్తున్నానన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు మొత్తం సరిపోయిందో లేదో చూసుకోండి. తిరస్కరిస్తే ఏ షరతు నంబరు కింద తిరస్కరించారో రాతలో అడగండి. ఆ నంబరు లేకుండా పైవాళ్లకు ఫిర్యాదు రాయడం కష్టం.

పై వాటా అద్దెకిచ్చిన సంగతి తప్పకుండా చెప్పాలి. పాలసీ తీసుకున్నప్పుడు మీరు మొత్తం ఇంట్లో ఉంటున్నట్టు రాసి ఉంటారు, ఇప్పుడది మారింది. చెప్పకుండా ఉంటే, నిప్పు కింద వాటాలో పుట్టినా సరే, వివరాలు దాచారన్న మాట మీద క్లెయిమ్ ఆగిపోవచ్చు. అద్దె ఒప్పందం తేదీ, ఎంత భాగం అద్దెకిచ్చారు, అక్కడ నివాసమా లేక ఏదైనా వ్యాపారమా, ఇవి రాసి మెయిల్ చేసి ఎండార్స్‌మెంట్ అడగండి. అంటే పాలసీకి జతచేసే మార్పు పత్రం. ప్రీమియం కొద్దిగా మారొచ్చు. ఆ పత్రం వచ్చాక దాని మీద వాటా వివరం సరిగా పడిందో లేదో చదివి, పాలసీతో కలిపి ఉంచండి. మీ అద్దెదారుల సామాను మీ పాలసీలో రాదు, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పి సొంతంగా చేయించుకోమనండి. రేపు సోలార్ ప్యానెళ్లు పెట్టినా, ఇంకో గది వేసినా, ఇలాగే రాసి పంపాలి.